సంబంధం

హిమీ రేవులో మధ్యాహ్నమే ఉరిమింది.
ఈ ఉరుముకు బురి చేప లేస్తుందంటారు ఇక్కడివాళ్ళు,
కొవ్వెక్కి, నిగనిగలాడుతూ, వలకు దగ్గరవుతుందట.
చేప బలిస్తే పండగ.
మగవాడి నడుం ఎనభై అయిదు సెంటీమీటర్లు దాటితే మాత్రం
మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వస్తుంది.

మత్స్యకారుల సంఘం హాల్లో మూడు కుర్చీలు, ఒక హీటరు.
ఒకచోట వేలికి సూది. ఒకచోట నడుముకి టేపు.
చివరి కుర్చీ నాది.
పంటికీ చిగురుకీ మధ్య సన్నటి కడ్డీ దించి
లోతు పైకి చదువుతాను:
మూడు, రెండు, మూడు, అయిదు.
సెనో అనే కుర్రాడు పక్కన కూచుని రాసుకుంటాడు.

డాక్టర్ మురొయాకి ఒక సంబంధం కావాలి,
రక్తం గ్రూపుకీ, ఒంటి బరువుకీ, చిగుళ్ళ జబ్బుకీ.
ఉందో లేదో మార్చిలో తేలుతుందంటాడు.
ఉంటే బాగుండునని ముఖమే చెప్పేస్తుంది,
పిల్ల జాతకం సంచిలో పెట్టుకు తిరిగే మనిషి ముఖం.
నాకు లెక్కలు రావు.
చిగుళ్ళు కొమ్మకి ఎర్రబడితే అందం,
పంటికి ఎర్రబడితే చీము దారిలో ఉందని.
అంతవరకే.

ముప్పై ఏడో నంబరు, షియోతానీ తొమీ, డెబ్భై నాలుగేళ్ళు.
కవళ్ళు ఎండబెట్టే చేతులు, ఎంత కడిగినా ఆ వాసనే.
పడుకున్నాక కూడా చీటీ వదల్లేదు.
"ఓ అట," అంది, పైకప్పుతో.
"సూది అమ్మాయిని రెండుసార్లు చూడమన్నా. ఓ నేనట.
బళ్ళో నా చొక్కా మీద పేరు కింద బి అని కుట్టి ఉండేది.
ఇసొబె వాళ్ళ సంబంధం ఆ అక్షరం దగ్గరే తప్పిపోయింది.
బి వాళ్ళకి నిలకడ ఉండదట,
వాళ్ళమ్మ పుస్తకం తెరిచి, వేలు పెట్టి మరీ చూపించింది."

తెరవండి, అన్నాను.
నాలుగు, మూడు, ఆరు.
ఆరు దగ్గర రక్తం.
గాజుగుడ్డ పీల్చుకుంది, ఏ గ్రూపని అడక్కుండా.

ఉమ్మి, మూతి తుడుచుకుని మళ్ళీ అందుకుంది:
"అతని నోరు అప్పటికే కంపు, తెలుసా?
అదే గ్రూపని మావాళ్ళలో ఒక్కరూ అడగలేదు."
నవ్వింది, ఉన్న పందొమ్మిదీ కనబడేలా.
ఆ వెంటనే, కొంచెం తగ్గి,
"మనిషి మాత్రం మంచివాడే," అంది.

నా చేతిలో అట్ట. నాలుగు వరసలు పైన
ముప్పై మూడు: ఇసొబె, డెబ్భై ఆరు, ఏ గ్రూపు,
నడుం నూట రెండు, లోతు తొమ్మిది,
మిగిలిన పళ్ళు ఆరు.
ఈ ఊళ్ళో ఇసొబెలు బోలెడుమంది.
అయినా చెయ్యి దానంతటదే అట్టని బోర్లించింది.

సెనో గొంతు తగ్గించి అడిగాడు:
"గ్రూపు గడిలో ఏం రాయను?"
ఇవాళ్టిదే, ఓ.
"మరి ఇన్నేళ్ళూ ఆమె బి గా బతికింది కదా?"
దానికి గడి లేదు బాబూ.

ఆమె లేచి కోటు తొడుక్కుంటూ నన్ను పరకాయించింది.
"నీదే గ్రూపు?"
ఏబీ అన్నాను.
నడుం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
నెల్లాళ్ళుగా పొద్దున సింకులో నీళ్ళు
గులాబీ రంగులో తిరుగుతున్నాయనీ చెప్పలేదు.

వెళుతూ వెళుతూ ట్రే పక్కన కాగితం పొట్లం పెట్టింది.
ఎండు కవళ్ళు.
"ముల్లుతో సహా నమలాలి. నమలగలిగినన్నాళ్ళూ."

ఇప్పుడు ఎనిమిదయింది. హీటరు ఆర్పేశారు.
ఒక కవళు నోట్లో వేసుకున్నాను,
ఎడమ వైపు కాదు,
కుడి వైపు,
మెల్లగా.